పూర్వికుల తిండి పేరుతో గింజ మానవచ్చా?

మన పిల్లలు ఈ మధ్య ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సార్, మన పూర్వికులు గింజలు తినేవారు కాదట కదా? గింజ మానేస్తే రోగాలే రావట కదా?" అని. ఈ మాట వాళ్లు ఫోనులో విన్నారు. వరి, గోధుమ, జొన్న, చోడి, ఏ ధాన్యమూ తినకూడదట. కంది, ఉలవ, చిక్కుడు గింజ కూడా వద్దట. పాలు వద్దట. మాంసం, చేప, గుడ్డు, ఆకు, కాయ, పండు మాత్రం తినాలట. దుంప, తేనె తినవచ్చని కొందరు, అవీ వద్దని కొందరు చెబుతున్నారు. దీనికి ఆదిమ మానవుడి ఆహారం అని, పూర్వికుల ఆహారం అని పేరు పెట్టారు.

ఆదిమ, అడవి, పూర్వికులు అనే మాటలు వినగానే మన చెవులు నిక్కబొడుచుకుంటాయి. అవి మన గురించి అన్న మాటలే అనిపిస్తాయి. ఇన్నాళ్లూ ఆ మాటలను మనల్ని చిన్నచూపు చూడటానికి వాడారు. ఇప్పుడు అవే మాటలను మెచ్చుకోలుగా వాడుతుంటే మనసుకు హాయిగానే ఉంటుంది. కాబట్టే ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

ఇది ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. ఆశ్రమ పాఠశాలలో చదివే ఆడపిల్ల ఈ మాట నమ్మి అన్నం మానేస్తే, ఆమె కంచంలో కడుపు నింపేది ఇంకేం మిగులుతుంది? చక్కెర జబ్బుకు మాత్రలు వేసుకుంటున్న తాత గింజ ఒక్కసారిగా మానేస్తే ఏమవుతుంది? పట్నంలో గది అద్దెకు తీసుకుని డిగ్రీ చదివే కుర్రాడు నెలకు ఎంత డబ్బు పెట్టి గింజ లేని తిండి తినగలడు? ఇవి మన ఇళ్లలో ప్రశ్నలు. అందుకే ఈ వాదంలోని మంచినీ చెడునీ రెండూ చూద్దాం.

ముందు వాళ్ల వాదాన్ని సరిగా అర్థం చేసుకోవాలి. అర్థం చేసుకోకుండా కొట్టిపారేయడం న్యాయం కాదు. మనలాంటి మనుషులు భూమి మీద సుమారు 3 లక్షల ఏళ్లుగా ఉన్నారు. వ్యవసాయం మొదలై సుమారు 10 వేల ఏళ్లే అయింది. అంటే మనిషి ఎక్కువ కాలం వేటాడి, ఏరుకుని, తవ్వుకుని బతికాడు. మన ఒళ్లు ఆ తిండికి అలవాటు పడింది గానీ, నిన్న మొన్న వచ్చిన గింజకు ఇంకా అలవాటు పడలేదు, అందుకే ఊబకాయం, చక్కెర జబ్బు, గుండె జబ్బు వస్తున్నాయి అని వాళ్లు అంటారు. 1985లో అమెరికాలో బాయిడ్ ఈటన్, మెల్విన్ కానర్ అనే ఇద్దరు ఈ ఆలోచనను ఒక వైద్య పత్రికలో రాశారు. 2002లో లోరెన్ కార్డెయిన్ రాసిన పుస్తకంతో ఇది జనంలోకి వెళ్లింది. పాత ఎముకలు కూడా ఈ వాదానికి కొంత బలం ఇస్తాయి. చాలా చోట్ల తొలి రైతుల ఎముకలను పరిశీలిస్తే, అంతకు ముందు వేటాడి ఏరుకుని బతికిన వారి కంటే పొట్టిగా ఉన్నారని, పళ్లు ఎక్కువగా పుచ్చాయని తేలింది. అంటే వాళ్లు గాలిలో మేడలు కట్టలేదు.

మరి పూర్వికులు నిజంగా గింజ తినలేదా? ఇజ్రాయెల్‌లో ఒహాలో అనే చోట సుమారు 23 వేల ఏళ్ల నాటి మజిలీ బయటపడింది. అక్కడి మనుషులు వ్యవసాయం ఎరగరు. అయినా అడవి బార్లీ, అడవి గోధుమ గింజలు ఏరి, రాతి మీద నూరుకున్నారు. జోర్డాన్‌లో 14 వేల ఏళ్ల నాటి పొయ్యిలో మాడిన రొట్టె ముక్కలు దొరికాయి. ఆ ప్రాంతంలో వ్యవసాయం మొదలవడానికి ఆ రొట్టె సుమారు 4 వేల ఏళ్లు ముందుది. అంటే గింజను తినడం నేర్చాకే మనిషి గింజను నాటడం నేర్చాడు. ఇది ఆలోచిస్తే సహజంగానే ఉంటుంది. తినడం తెలియని దాన్ని ఎవరు నాటుతారు?

ఇంత దూరం పోనక్కర లేదు. వెదురు బియ్యం సంగతి మన పెద్దలకు తెలుసు. వెదురు గడ్డి జాతి. ఎన్నో ఏళ్లకు ఒకసారి పూసి, గింజ రాల్చి, చచ్చిపోతుంది. ఆ గింజను ఏరి, దంచి, వండుకుంటారు. ఎవరూ నాటని, ఎవరూ నీరు పెట్టని ఆ గింజ అడవే ఇచ్చిన ధాన్యం. కాబట్టి అడవి తిండి అంటే గింజ లేని తిండి అన్న మాట మన అడవిలోనే నిలబడదు.

మనలో గింజ లేని తిండికి బాగా దగ్గరగా బతికినవారు నల్లమల చెంచులు. హైమెన్‌డార్ఫ్ 1943లో చెంచుల మీద, 1945లో గోదావరి ఒడ్డు కొండరెడ్ల మీద పుస్తకాలు అచ్చు వేశారు. చెంచులు ప్రధానంగా దుంపలు తవ్వుకుని, పండ్లు, ఆకులు, తేనె సేకరించుకుని బతికారు. కొండరెడ్లు పోడులో జొన్న, సామ పండించుకున్నారు. గింజ అయిపోయిన నెలల్లో జీలుగు చెట్టు లోపలి పిండితో, మామిడి టెంక జావతో గడిపారు. ఇటు పాడేరు, అరకు కొండల్లో చోడి, సామ, కొర్ర, గంటె మన ప్రధాన తిండి. పెండలం, చామ, వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, అడ్డ పిక్కలు దానికి తోడు. ఒక్క తెలుగు నేల మీదే మన పూర్వికుల తిండి ఇన్ని రకాలు. ఆఫ్రికాలో హడ్జా వాళ్ల తిండి వేరు, మంచు దేశాల వాళ్ల తిండి వేరు. పూర్వికుల తిండి అని ఒకే ఒక్క పట్టిక ఎక్కడా లేదు. ఎవరి కొండ ఏది ఇస్తే అది తిన్నారు.

మన కొత్త పండగలు చూడండి. కొర్ర కొత్త ఉంది, సామ కొత్త ఉంది, మామిడి కొత్త కూడా ఉంది. గింజకూ కొత్త చేశాం, కాయకూ కొత్త చేశాం. కొత్త చేయకుండా ఏదీ నోట పెట్టలేదు. ఇది గింజ, ఇది కాయ అని మన పెద్దలు మంచి చెడ్డలను విడదీయలేదు. వాళ్లు విడదీసింది వేరే చోట: అదునుకు ముందు తినడమా, అదును వచ్చాక తినడమా, ఒక్కడే తినడమా, ఊరంతా కలిసి తినడమా. అదును రాకుండా కాయ కోస్తే విత్తనం ముదరదు. విత్తనం ముదరకపోతే రేపటికి చెట్టు లేదు. దుంప తవ్వినప్పుడు తీగ మొదలును కొంత ఉంచి మట్టి కప్పిన చేతిలోనూ ఇదే నీతి ఉంది. పూర్వికుల తిండి అని పేరు పెట్టుకున్నవారు ఈ నీతి గురించి మాట్లాడరు. ఏం తిన్నారు అన్నదే చూస్తారు, ఎలా తిన్నారు అన్నది చూడరు.

ఇక ఒంటి సంగతి. గింజ మానినవారిలో కొందరికి బరువు తగ్గిన మాట నిజం. రక్తంలో చక్కెర తగ్గిన మాటా నిజం. ఎందుకు తగ్గింది? గింజతో పాటు వాళ్లు పంచదార, శీతల పానీయాలు, బిస్కెట్లు, నూనెలో వేయించిన ప్యాకెట్లు కూడా మానేశారు. మూడు పూటలా కుప్పగా పెట్టుకునే తెల్ల అన్నం మానేశారు. కూర ఎక్కువ తిన్నారు. ఇన్ని మార్పులు ఒకేసారి చేసి ఫలితాన్ని ఒక్క గింజకే కట్టబెట్టడం సరికాదు. ఐసీఎంఆర్ 2023లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా చక్కెర జబ్బుతో ఉన్నారు. ఇది పట్నాల జబ్బు అనుకున్నాం, ఇప్పుడు మన ఊళ్లలోనూ వింటున్నాం. కాబట్టి తెల్ల అన్నాన్ని తగ్గించమనే మాటలో మేలు ఉంది. దాన్ని కాదనకూడదు. గోధుమలోని గ్లూటెన్ పడని జబ్బు ఉన్నవారు గోధుమ మానక తప్పదు. అది వైద్యుడు తేల్చి చెప్పే విషయం.

అయితే తప్పు గింజదా, గింజకు మనం చేసినదా? దీనికి మన ప్రాంతపు చరిత్రలోనే జవాబు ఉంది. మర మీద బియ్యం తెల్లగా పట్టించి తినడం పెరిగాక, ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి అనే జబ్బు చాలామందిని పట్టింది. తవుడుతో పాటు బి1 విటమిన్ పోవడం దానికి కారణం. ఆ జబ్బును పరిశోధించడానికి 1918లో కూనూరులో ఒక చిన్న ప్రయోగశాల పెట్టారు. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఇవాళ దాన్ని జాతీయ పోషకాహార సంస్థ అంటున్నాం. బెరిబెరికి మందు బియ్యం మానడం కాదు, తవుడు పూర్తిగా పోనివ్వకపోవడం. రోకటితో దంచిన సామ బియ్యానికీ మర పట్టిన తెల్ల బియ్యానికీ ఎంత తేడా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. 100 గ్రాముల చోడిలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అది 10 మిల్లీగ్రాముల దగ్గరే ఉంటుంది. రెండింటినీ ధాన్యం అనే ఒకే పేరుతో పిలిచి, రెండింటినీ ఒకే వేటుకు నరకడం అన్యాయం.

నష్టాలు కూడా చెప్పుకోవాలి. పాలు మన ఇళ్లలో మొదటి నుంచీ తక్కువ. చోడి కూడా మానేస్తే ఎముకలకు కాల్షియం ఎక్కడి నుంచి వస్తుంది? పప్పు గింజలు మానేస్తే, వారంలో ఒకటి రెండు రోజులే మాంసం తినే ఇంట్లో మాంసకృత్తులు ఎలా అందుతాయి? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని ఎస్టీ మహిళల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనతతో ఉన్నట్టు తేలింది. అలాంటి చోట ఎదిగే ఆడపిల్లకు ఇది మానెయ్, అది మానెయ్ అని చెప్పడం ప్రమాదం. ఆమెకు కావలసింది ఇంకా నాలుగు రకాలు కలపడం, ఉన్నది తీసేయడం కాదు. చక్కెర మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు వైద్యుడికి చెప్పకుండా గింజ మానితే చక్కెర ఒక్కసారిగా పడిపోయి స్పృహ తప్పవచ్చు. ఈ ఒక్క సంగతి ప్రతి ఉపాధ్యాయుడూ ఊళ్లో చెప్పాలి.

దీన్ని ఇంకో వైపు నుంచి చూద్దాం. పూర్వికులు తిన్న మాంసం వేట మాంసం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక వేట నేరం. కాబట్టి ఇవాళ పూర్వికుల ఆహారం తినేవారు కోళ్ల ఫారం కోడినే తింటారు. ఆ కోడి ఏం తిని పెరిగింది? మొక్కజొన్న, సోయా. ఒక కిలో కోడి పెరగడానికి కిలోన్నరకు పైగా దాణా పోయాలి. గింజ తినని మనిషి గింజ తిన్న కోడిని తింటున్నాడు. గింజ వదిలినట్టు అనుకుంటున్నాడు గానీ, నిజానికి ముందు కంటే ఎక్కువ గింజే ఖర్చు చేస్తున్నాడు. మన కొండల మీద పండే కర్రపెండలం, మిరప, మొక్కజొన్న, టమాట కూడా సముద్రాలు దాటి అమెరికా ఖండం నుంచి వచ్చినవే. వాటిని మన పెద్దలు తెచ్చుకుని మనవి చేసుకున్నారు. పూర్వికులు పాతదాన్ని పట్టుకుని కూర్చున్నవారు కారు. పనికి వచ్చినదాన్ని కలుపుకున్నారు.

గింజ మీద ఇంకో ఫిర్యాదు ఉంది. అది ఒంటి గురించి కాదు, అధికారం గురించి. గింజ అంతా ఒకేసారి పండుతుంది. కొలవవచ్చు, నిల్వ చేయవచ్చు, మోసుకుపోవచ్చు. కాబట్టి పన్ను వేయడానికి గింజ అంత అనువైనది లేదని, రాజ్యాలు గింజ మీదే లేచాయని జేమ్స్ సి. స్కాట్ అనే పండితుడు 2017లో వచ్చిన పుస్తకంలో వాదించారు. దుంప నేలలో దాక్కుంటుంది, కావలసినప్పుడు తవ్వుకుంటాం, శిస్తు అధికారి దాన్ని లెక్కపెట్టలేడు. ఇది మనకు కొత్తగా చెప్పాలా? అప్పు కింద సాహుకారు ఎత్తుకుపోయినది కళ్లంలోని గింజనే. కానీ పూర్తి నిజం అది కూడా కాదు. 1879లో రంపలో జనం తిరగబడటానికి ఒక పెద్ద కారణం కల్లు మీద వేసిన పన్ను. అంటే గింజ కాని చెట్టునూ వదలలేదు. లాక్కునేవాడికి గింజ అయినా కల్లు అయినా ఒకటే. కాబట్టి తిండి మార్చుకున్నంత మాత్రాన స్వేచ్ఛ రాదు. నేల మీద, అడవి మీద హక్కు ఉంటేనే వస్తుంది. 2006 అటవీ హక్కుల చట్టం మనకు ఇచ్చిన సేకరణ హక్కు, సాముదాయక హక్కు తిండి గురించిన చర్చలో అందుకే మొదట రావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. పూర్వికులు తిన్నారు కాబట్టి మనమూ తినాలి అన్నది సరైన తర్కమేనా? పెద్దలు తిన్నవాటిలో మూడు రకాలు ఉన్నాయి. ఇష్టపడి తిన్నవి కొన్ని. ఆ కాలానికి దొరికాయి కాబట్టి తిన్నవి కొన్ని. ఆకలికి గతిలేక తిన్నవి కొన్ని. మామిడి టెంకనే తీసుకోండి. టెంకలు ఎండబెట్టి, పలుకు తీసి, గెడ్డ నీటిలో నానబెట్టి చేదు పోగొట్టి, ఆరబెట్టి పిండి చేసుకుంటే అది మంచి తిండే. దాని వెనుక తరాల తెలివి ఉంది. అదే టెంక 2001లో ఒడిశా కాశీపూర్ ప్రాంతంలో పలువురు ఆదివాసీల చావుకు కారణమని వార్తల్లోకి వచ్చింది. బూజు పట్టిన టెంక అని కొందరు, ఆకలి చావులని కొందరు అన్నారు. ఇంట్లో బియ్యం ఉండి, రుచి కోసం టెంక జావ తాగడం వేరు. ఇంకేమీ లేక బూజు పట్టినదే కాచుకోవడం వేరు. తిండి ఒకటే, బతుకులు రెండు. ఈ తేడా మరిచిపోయి పూర్వికుల తిండి గొప్పది అంటే, వాళ్ల ఆకలిని కూడా మెచ్చుకున్నట్టు అవుతుంది.

1983లో 2 రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మన ఊళ్లలో వానాకాలపు ఆకలి చాలా తగ్గింది. ఇవాళ ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ ఇంటికి 35 కిలోలు వస్తున్నాయి. ఆ బియ్యం వచ్చి పోడులో సామ, కొర్ర తగ్గిన మాట నిజం. నాలుక మారిన మాటా నిజం. కానీ ఆ బియ్యాన్ని తిట్టే ముందు, అది లేని రోజుల్లో పిల్లలను పెంచిన అవ్వలను అడగాలి. కడుపు నిండినవాడు గింజ వద్దనడం ఎంపిక. కడుపు నిండనివాడికి గింజ అందకపోవడం అన్యాయం. ఎంపికనూ లేమినీ ఒకే మాటతో పిలవకూడదు.

గౌరవం సంగతీ ఉంది. ఒకప్పుడు బడికి అంబలి తెచ్చుకున్న పిల్లలు దాచుకుని తాగేవారు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అన్నది. ఆ ఏడాది మార్చి నుంచి ఆంధ్రప్రదేశ్ బడుల్లో రాగి జావ పోశారు. అందరూ మెచ్చుకున్నాక అదే అంబలి మనకూ గొప్పగా కనిపించింది. ఇప్పుడు ఇంకొకరు వచ్చి ఆ గింజ కూడా పనికిరాదు, దుంపే గొప్ప అంటున్నారు. రేపు మరొకరు మరొకటి అంటారు. బయటివాళ్లు సిగ్గుపడమంటే సిగ్గుపడి, గర్వపడమంటే గర్వపడితే, ఆ సిగ్గూ గర్వమూ రెండూ అరువు తెచ్చుకున్నవే. మన తిండి విలువ మనమే తూచుకోవాలి.

తూచడానికి నాలుగు ప్రశ్నలు చాలు. ఇది నా ఒంటికి, నా వయసుకు, నా పనికి సరిపోతుందా? కొండ ఎక్కి పోడు కొట్టే మనిషికీ, రోజంతా కుర్చీలో కూర్చునే మనిషికీ ఒకే తిండి కుదరదు. ఇది మా ఇంటికి అందుతుందా? దీని కోసం ఎవరి నోటి ముందు కూడు తీస్తున్నాం? పట్నంలో అడవి తిండికి గిరాకీ పెరిగి, జీలుగు చెట్లు కొట్టి, దుంపలు మొదలంటా పెకలిస్తే చివరికి ఆకలి మిగిలేది మన ఊళ్లోనే. వచ్చే ఏడాదికి ఇది మిగులుతుందా? ఈ నాలుగింటికీ జవాబు బాగుంటే ఆ తిండి గింజ అయినా మంచిదే, దుంప అయినా మంచిదే.

నా వరకు నా అభిప్రాయం ఇది. తెల్ల అన్నం తగ్గించాలి, గింజ మానకూడదు. చోడి, సామ, కొర్ర, గంటె మళ్లీ పొయ్యి మీదికి రావాలి. పప్పు గింజలు వదలకూడదు. దుంప, ఆకు, పుట్టగొడుగు, పండు తోడు కావాలి. పంచదార, ప్యాకెట్లు, సీసా పానీయాలు మానాలి. పూర్తిగా గింజ మానాలనుకునే పెద్దవాళ్లు వైద్యుడిని అడిగి మానుకోవచ్చు, అది వాళ్ల ఇష్టం. ఎదిగే పిల్లలకు, గర్భిణులకు మాత్రం ఆ సలహా ఇవ్వకూడదు.

తోటి ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. పిల్లల చేత వాళ్ల ఊళ్లో నెల నెలా ఏం తింటారో, ఒకప్పుడు ఏం తినేవారో, ఏ దుంపను ఎన్నిసార్లు ఉడికించి చేదు తీస్తారో, ఏది విషమో పెద్దలను అడిగి రాయించండి. చెప్పగలిగిన అవ్వలు, తాతలు ఏటేటా తగ్గిపోతున్నారు. ఆ నోటుపుస్తకం ఏ వీడియో కంటే ఎక్కువ పనికి వస్తుంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రేపు ఎవరైనా మీ పూర్వికులు ఇది తిన్నారు, మీరూ తినండి అంటే, ఏ పూర్వికులు, ఏ కొండ మీద, ఏ నెలలో, ఎందుకు తిన్నారు అని అడగండి. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పగలవారు ఇంకా మన ఇళ్లలోనే ఉన్నారు.